పొలం బొమ్మలో కూలి మనిషి ఎక్కడ?

కోత అయిపోయిన గోధుమ చేలో ముగ్గురు ఆడవాళ్ళు పరిగె ఏరుతున్నారు. ఎడమవైపు ఆమె తలకు నీలం గుడ్డ కట్టుకుంది. కుడిచెయ్యి నేలమీదికి చాచి, ఎడమచేతిని నడుం వెనక్కి మడిచి పెట్టుకుంది. ఆ వెనక చేతి గుప్పిట్లో అప్పటిదాకా ఏరిన కంకులున్నాయి. పక్కన ఎర్రగుడ్డ ఆమె కూడా అంతే వంగి ఉంది. మూడో ఆమె సగం వంగి ఉంది. నడుం ఎత్తుతోందో మళ్ళీ వంచబోతోందో చెప్పలేం. ముందు కట్టుకున్న గుడ్డల్ని సంచుల్లా మడిచి కట్టారు. కాళ్ళ కింద కొయ్యకాళ్ళు తప్ప ఏమీ లేదు. వెనక చాలా దూరాన, బంగారు ఎండలో, పెద్ద పెద్ద కుప్పలు, పనలు ఎత్తిన బండి, గుంపుగా కూలీలు. కుడి అంచున గుర్రం మీద ఒక మనిషి కనిపిస్తాడు. ఆసామి తరఫున పని అజమాయిషీ చేసే గుమాస్తా అయి ఉంటాడని చిత్రకళ తెలిసినవాళ్ళు చెబుతారు.

ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే 1857లో వేసిన బొమ్మ ఇది. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఈ బొమ్మలో కొట్లాట లేదు, రక్తం లేదు, ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అయినా ఆ ఏడాది పారిస్‌లో సలోన్ అనే పెద్ద ప్రదర్శనలో దీన్ని పెడితే కొందరు విమర్శకులకు ఒళ్ళు మండింది. ఒకాయన ఈ ముగ్గురూ దరిద్రానికి అధిదేవతల్లా ఉన్నారన్నాడు. ఇంకొకాయనకు వీళ్ళ వెనక ఆకాశంలో 1793 నాటి విప్లవకారుల ఈటెలు, వధ్యవేదికలు కనబడ్డాయి. నేలమీద రాలిన నాలుగు కంకులు ఏరుకునే ఆడవాళ్ళలో అంత భయపెట్టేది ఏముంది? దీనికి జవాబు కావాలంటే, అంతకుముందు పల్లె బొమ్మ అంటే ఆ జనం కళ్ళకు ఏది అలవాటైందో చూడాలి.

యూరప్‌లో పల్లెను అందంగా చూపించే అలవాటు బొమ్మల కంటే ముందు కవిత్వంలో పుట్టింది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో థియోక్రిటస్ అనే గ్రీకు కవి, ఆ తర్వాత రోమన్ కవి వర్జిల్, పశువుల కాపరుల మీద పద్యాలు రాశారు. చెట్టునీడ, వేణువు, మేకల మంద, ప్రేమ బాధ. రాసినవాళ్ళూ చదివినవాళ్ళూ ఎక్కువగా పట్నం మనుషులు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ కవిత్వానికి నాయకుడు దాదాపు ఎప్పుడూ కాపరే, దున్నేవాడు కాదు. మంద మేస్తుంటే కాపరి చెట్టుకింద కూర్చున్నట్టు చూపించవచ్చు. దున్నేవాణ్ణి అలా కూర్చోబెడితే పని ఆగిపోతుంది, అతణ్ణి చూపించాలంటే చెమట చూపించక తప్పదు. కాపరికీ ఎండా వానా తప్పవు, తోడేళ్ళ భయమూ తప్పదు. కానీ దూరం నుంచి చూసేవాడికి అవేవీ కనిపించవు.

పదిహేడో శతాబ్దంలో రోములో స్థిరపడిన క్లాడ్ లొరేన్ ఈ కవుల లోకాన్ని రంగుల్లో దించాడు. రెండు పక్కలా పెద్ద చెట్లు, మధ్యలో వెలుగు, దూరాన నీళ్ళు, ఒక పాడుపడ్డ గుడి, ఎక్కడో చిన్నగా కాపరులు. అతని వెలుగు చూస్తే ఇప్పటికీ మనసు నిండుతుంది, ఆ విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ అచ్చు ఎంత బలంగా పడిందంటే, పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు షికారు జనం క్లాడ్ పేరు పెట్టిన నల్లటి చిన్న అద్దం ఒకటి జేబులో వేసుకుని తిరిగేవారు. ఎదురుగా ఉన్న ఊరికి వీపు తిప్పి నిలబడి, ఆ అద్దంలో దాని ప్రతిబింబం చూసేవారు. అందులో రంగులు మెత్తబడి, చిన్న చిన్న వివరాలు మాయమై, నిజమైన ఊరు క్లాడ్ బొమ్మలా అయిపోయేది. ఫ్రాన్సులో రాణి మేరీ ఆంత్వానెత్ 1783 నుంచి వెర్సాయ్ తోటలో ఏకంగా ఒక ఉత్తుత్తి పల్లెటూరే కట్టించుకుంది. గడ్డికప్పుల ఇళ్ళు, పాల గది, ఆవులు, అన్నీ ఉండేవి. ఆరేళ్ళకు విప్లవం వచ్చింది.

ఇంగ్లండులో భూమి ఉన్నవాళ్ళు తమ భూమిని బొమ్మగా గీయించుకునేవారు. 1750 ప్రాంతంలో థామస్ గేన్స్‌బరో వేసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చెట్టుకింద పట్టుగౌను భార్య, తుపాకీ చంకలో పెట్టుకున్న భర్త, కుక్క. కుడివైపు సగం బొమ్మంతా వాళ్ళ పొలమే. కోసిన గోధుమ పనలు నిలబెట్టి ఉన్నాయి, చాళ్ళు తీరుగా ఉన్నాయి, సాగు బాగా చేయించారని తెలుస్తుంది. కోసినవాళ్ళు, కట్టినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇది పొలం బొమ్మ అనడం కంటే ఆస్తి బొమ్మ అనడమే సబబు.

ఈ వరసలో అందరికంటే ఎక్కువగా నన్ను ఆపేది జాన్ కాన్‌స్టబుల్. అతను పల్లె తెలియని పట్నం మనిషి కాదు. 1776లో సఫోక్ జిల్లాలో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి, స్టౌర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్ మర ఆయనదే. అక్కడి పడవలు, లాకులు, గట్లు, మబ్బులు కాన్‌స్టబుల్‌కు చిన్నప్పటినుంచీ ఎరికే. ఏ మబ్బు ఎలాంటి వాన తెస్తుందో మర యజమాని కొడుక్కి తెలియాలి కదా.

1821లో అతను ప్రదర్శించిన ‘గడ్డిబండి’ ఇంగ్లండులో దాదాపు ప్రతివాళ్ళూ ఎరిగిన బొమ్మ. వెడల్పు ఆరడుగులకు పైనే. లోతులేని నీళ్ళలో రెండు మూడు అడుగులు వేసి ఆగినట్టున్న ఖాళీ బండి, ఎర్రటి తోలు సామాను వేసిన గుర్రాలు, బండి మీద ఇద్దరు మనుషులు. ఎడమపక్క విల్లీ లాట్ అనే కౌలు రైతు ఇల్లు. ఒడ్డున కుక్క. ఎండకు కర్ర చక్రం ఎండి ఇనుప పట్టా వదులైతే నీళ్ళలో నానబెట్టడం బండి తోలేవాళ్ళ అలవాటు కనుక, బండి నీళ్ళలోకి అందుకే దిగిందని కొందరంటారు. అవతలి గట్టున ఉన్న మైదానానికి దాటుతోందని ఇంకొందరంటారు. ఆ మైదానం బొమ్మలో కుడిపక్కనే ఉంది. బొమ్మను ఫోనులో తెరిచి అక్కడ బాగా పెద్దది చేసి చూడండి. చెట్ల వరస ముందు తెల్లటి చుక్కలు కొన్ని కనిపిస్తాయి. అవి చొక్కాలు. గడ్డి కోసేవాళ్ళు వాళ్ళే. కుంచె కొసతో ఒక్కో మనిషికి ఒకటి రెండు తాకుళ్ళు, అంతే.

ఆ చుక్కల బతుకు ఆ సంవత్సరాల్లో ఎలా ఉంది? నెపోలియన్‌తో యుద్ధం 1815లో ముగిసింది. ధాన్యం ధర పడిపోయింది, సైన్యం నుంచి తిరిగి వచ్చినవాళ్ళతో కూలీలు పెరిగారు, కూలి రేటు తగ్గింది. మరోపక్క చలికాలమంతా చేతినిండా పని పెట్టే నూర్పిళ్ళను యంత్రాలు లాక్కున్నాయి. 1816లో తూర్పు జిల్లాల్లో రొట్టె కోసం అల్లర్లు జరిగాయి. 1822లో సఫోక్, నార్ఫోక్ పొలాల్లో గడ్డివాములు తగలబడ్డాయి, యంత్రాలు విరిగాయి. 1830లో ఆ మంట దక్షిణ ఇంగ్లండంతా పాకింది. దాన్ని అణచివేసినప్పుడు 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ద్వీపాంతరం పంపారు.

ఇంకా లోతైన మార్పు భూమిలోనే వచ్చింది. పేదవాళ్ళు ఆవును మేపుకునే, కట్టెపుల్లలు తెచ్చుకునే ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు వేసి సొంత ఆస్తులుగా మార్చేశారు. ఒక్కో ఊరికి ఒక్కో చట్టం చొప్పున 1604కూ 1914కూ మధ్య బ్రిటిష్ పార్లమెంటు ఇలాంటివి 5,200కు పైగా చేసింది. సుమారు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండు నేలలో ఐదో వంతు అలా చేతులు మారింది. పరిగె ఏరుకోవడం కూడా కోర్టుకెక్కింది. సఫోక్ జిల్లాలోనే టిమ్‌వర్త్ అనే ఊళ్ళో మేరీ హౌటన్ అనే ఆమె తన చేలో పరిగె ఏరిందని ఒక రైతు దావా వేశాడు. కోత తర్వాత పరిగె మీద పేదలకు హక్కంటూ ఏమీ లేదని 1788లో కోర్టు తేల్చింది. తీర్పు తర్వాత కూడా చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు పరిగె మానలేదు. ఒక పేద ఇంటికి పరిగె గింజ అంటే కొన్ని వారాల రొట్టె మరి.

కాన్‌స్టబుల్‌కు ఇవన్నీ తెలుసు. అయితే అతని బొమ్మ అబద్ధమా? నేను అలా అనను. ఆ నీళ్ళ మెరుపు నిజం, ఆ మబ్బులు నిజం, చెట్ల తడి నిజం. 1824లో ఈ బొమ్మ పారిస్ వెళ్ళినప్పుడు అక్కడి చిత్రకారులు రంగు ఇంత సజీవంగా వేయొచ్చా అని విస్తుపోయారు, ఫ్రాన్సు రాజు బంగారు పతకం ఇచ్చాడు. కానీ ఈ బొమ్మ మర యజమాని ఇంటి గడప దగ్గర నిలబడి చూసిన దృశ్యం. అక్కడినుంచి చూస్తే కూలీ దూరంగానే ఉంటాడు. అతను ప్రశాంతంగా పని చేసుకుంటుంటే ఊరు బాగున్నట్టు. చుక్క దగ్గరికొచ్చి మనిషైతే, కూలెంత అనే మాట కూడా దగ్గరికి వస్తుంది. పైగా ఈ బొమ్మ వేసింది నది ఒడ్డున కాదు, లండన్‌లో. చిన్ననాటి ఊరును గుర్తుచేసుకుంటూ, అక్కడ గీసి తెచ్చుకున్న చిత్తు బొమ్మలు ముందు పెట్టుకుని వేశాడు. బయట ఊరు మారిపోతున్నకొద్దీ గుండెలో ఉన్న ఊరు మారకుండా ఉండాలని అతను పట్టుబట్టినట్టు నాకనిపిస్తుంది. ఊరు వదిలి పట్నం చేరిన ఎవరికైనా ఆ పట్టుదల అర్థమవుతుంది.

ఆ కాలంలో చిత్రకళకు కూలి మనిషిని దగ్గరగా చూపే శక్తి లేదేమో అనుకోవడానికి వీల్లేదు. దానికి రెండున్నర శతాబ్దాల ముందే, 1565లో, పీటర్ బ్రూగెల్ ‘కోతలు’ బొమ్మ వేశాడు. ఆంట్‌వెర్ప్ నగరంలో నిక్లాస్ యోంగెలింక్ అనే వర్తకుడి ఇంటికోసం ఏడాది పొడుగునా ఋతువుల్ని చూపే బొమ్మల వరస ఒకటి వేస్తే, అందులో ఐదు మిగిలాయి. ఈ ఒక్కటీ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎండు గోధుమ రంగు బొమ్మంతా పరుచుకుని ఉంటుంది. ఎడమవైపు పొడుగు పిడి కొడవళ్ళతో కోసేవాళ్ళు, కుడివైపు చెట్టుకింద రొట్టె తింటూ, గిన్నె ఎత్తి తాగుతూ కొంతమంది. చెట్టు మొదట్లో ఒకతను కాళ్ళు బారజాపి, నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఆ నిద్రలో కాపరి పద్యాల హాయి లేదు. అది పొద్దున్నించీ కోసిన ఒంటి నిద్ర. బ్రూగెల్ కూలీల పట్ల జాలి చూపించలేదు, వాళ్ళను దేవతలనూ చెయ్యలేదు. ఆకలి, అలుపు, పని, తిండి, అన్నిటినీ ఒకే చేలో పక్కపక్కన పెట్టాడు. ఈ బొమ్మను చూసినంతసేపు మిగతా పల్లె బొమ్మలు ఏం వదిలేశాయో నాకు ఒక్కొక్కటిగా గుర్తొస్తుంటుంది.

ఇప్పుడు మిలే దగ్గరికి వద్దాం. 1814లో నార్మండీ తీరంలో గ్రూషీ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసు దాకా సొంత పొలంలో పని చేశాడు. 1849లో కలరా భయానికి పారిస్ వదిలి, ఫోంతెన్‌బ్లో అడవి అంచున బార్బిజాన్ అనే ఊరికి కుటుంబంతో వెళ్ళి, 1875లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అప్పటికే థియోడర్ రూసో వంటి చిత్రకారులు ఆ ఊళ్ళో చేరి ఉన్నారు. తగరపు గొట్టాల్లో నింపిన రంగులు 1840లలో వచ్చాయి కాబట్టి, రంగు సంచి భుజాన వేసుకుని చెట్లలోకి వెళ్ళడం సులువైంది. చాలామంది అడవిని వేశారు. మిలే మాత్రం మనుషుల్ని వేశాడు. విత్తు చల్లేవాణ్ణి, పార మీద వాలి ఊపిరి తీసుకునేవాణ్ణి, గొర్రెల్ని తోలుకెళ్ళే పిల్లను.

1857 నాటి భయానికి కారణం దగ్గర్లోనే ఉంది. 1848లో ఫ్రాన్సులో రాజరికం పోయి, మగవాళ్ళందరికీ ఓటు వచ్చింది. అప్పటిదాకా దాదాపు రెండున్నర లక్షలున్న ఓటర్లు ఒక్కసారి 90 లక్షలు దాటారు, వాళ్ళలో ఎక్కువమంది పల్లెటూరివాళ్ళు. అదే ఏడాది జూన్‌లో పారిస్ కార్మికులు తిరగబడితే సైన్యం అణిచేసింది. పల్లె ఎటు మొగ్గుతుందన్న భయం ధనవంతుల్ని పట్టుకుంది. అలాంటి సమయంలో మిలే పరిగె ఏరే ఆడవాళ్ళను బొమ్మలో అన్నిటికంటే ముందుకు, అన్నిటికంటే పెద్దగా తెచ్చాడు. పంట బండి, కుప్పలు, గుమాస్తా అన్నీ చిన్నవైపోయి వెనక్కి పోయాయి. కాన్‌స్టబుల్ లెక్క ఇక్కడ తలకిందులైంది.

మిలే నేలకూ ఆకాశానికీ మధ్య గీతను బాగా ఎత్తులో గీశాడు. ఇద్దరు ఆడవాళ్ళు పూర్తిగా ఆ గీత కిందే ఉన్నారు. సగం లేచిన మూడో ఆమె తల మాత్రం ఆ గీతను అందుకోబోయి ఆగింది. నేల వాళ్ళను పట్టుకుని వదలనట్టు ఉంటుంది. ముగ్గురి భంగిమలూ కలిపి చూస్తే ఒకే పనిలో మూడు దశలు: వంగడం, ఏరడం, నడుం ఎత్తడం. పొద్దుగూకే లోపు ఆ పని ఎన్ని వందల సార్లు చెయ్యాలో నడుముకు తెలుస్తుంది. పొద్దుగూకే లోపు అని ఊరికే అనలేదు. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి ప్రకారం పంట పూర్తిగా తీయని చేలో, లేదా సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా పరిగె ఏరితే శిక్ష. గుర్రం మీది మనిషి చూస్తున్నది అందుకే అనుకోవచ్చు.

అదే విషయం మీద రెండేళ్ళకే, 1859లో, జూల్ బ్రెతాన్ అనే చిత్రకారుడు ఇంకో పెద్ద బొమ్మ వేశాడు. సాయంత్రమైంది, పరిగె ముగిసిందని కావలివాడు కేకేస్తున్నాడు, ఆడవాళ్ళు ఇళ్ళకు బయల్దేరారు. కాళ్ళకు చెప్పుల్లేవు, బట్టలు చిరిగాయి, కానీ నడక రాణుల నడక. మోపులు మోస్తూ నిటారుగా, అస్తమిస్తున్న వెలుగులో. అప్పటికి ఫ్రాన్సులో మళ్ళీ చక్రవర్తి పాలన వచ్చింది. ఈ బొమ్మ చక్రవర్తి భార్యకు నచ్చి రాజకుటుంబం కొనుక్కుంది. మిలే బొమ్మ 3,000 ఫ్రాంకులకు ఒక ప్రైవేటు మనిషికి పోయింది. బ్రెతాన్ కూడా పల్లెనుంచి వచ్చినవాడే, అతని ప్రేమను శంకించలేను. తేడా ఏమంటే, అతను పని ముగిసిన క్షణాన్ని ఎంచుకున్నాడు, మిలే పని మధ్యలో ఆగాడు. పేదరికం నిటారుగా నడిచినంతసేపు చూసేవాళ్ళకు ఇబ్బంది లేదు.

తర్వాతి కాలం మిలేను కూడా మచ్చిక చేసుకుంది. పొలంలో సాయంకాలపు గుడిగంట విని తలవంచిన రైతు దంపతుల బొమ్మ ‘ఏంజెలస్’ మొదట 1,000 ఫ్రాంకులకు అమ్ముడైంది. 1889లో పారిస్ వేలంలో దాని ధర 5 లక్షల ఫ్రాంకులు దాటింది, మరుసటి ఏడాది షోషార్ అనే వ్యాపారి అంతకంటే చాలా ఎక్కువే పెట్టాడు. ఒకప్పుడు భయపెట్టిన చేతితో పుట్టిన బొమ్మే అచ్చుల్లో, పళ్ళేల మీద, ఇళ్ళ గోడల మీద భక్తికి, అణకువకు గుర్తుగా చేరింది. ఈ ధరల్లో చిత్రకారుడి కుటుంబానికి చిల్లిగవ్వ రాలేదన్న మాట జనంలో నలిగి, 1920లో ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. బొమ్మ మళ్ళీ అమ్ముడైనప్పుడల్లా చిత్రకారుడికో, వారసులకో వాటా ఇవ్వాలి. మన దేశంలో కూడా కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో చేరిన 53ఎ సెక్షన్ ఈ తరహాదే. తిరిగి అమ్మిన ధర 10,000 రూపాయలు మించితే, 10 శాతానికి మించకుండా వాటా కోరవచ్చు. ఈ సంగతి మన చిత్రకారుల ఇళ్ళలో ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

మన ఊళ్ళలో వరికోతల తర్వాత పరిగె ఏరడం పిల్లలూ ముసలివాళ్ళూ చేసిన పని. కోత మిషన్లు వచ్చాక అది తగ్గింది. మిషను పోయిన చేలో కంకి పెద్దగా మిగలదు, రాలేదేదో విడిగింజగా రాలి మట్టిలో కలుస్తుంది. మన కళ్ళకు ఎక్కువ అలవాటైన పల్లె దృశ్యం ఇప్పుడు నాట్ల ఫొటో. ప్రతి తొలకరికీ పేపర్లో వస్తుంది: పచ్చటి మడి, వరసగా రంగురంగుల చీరలు, వంగిన నడుములు. సాధారణంగా గట్టు మీదనుంచి, వెనకనుంచి తీస్తారు. ముఖాలు కనబడవు. అయితే మిలే ఆడవాళ్ళ ముఖాలూ సరిగ్గా కనబడవు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ వాళ్ళ చేతులు కనబడతాయి. మొద్దుబారిన ఆ వేళ్ళు, వెనక్కి మడిచిన ఆ గుప్పిట చూస్తే ఎవరి నడుం ఎంత నొప్పి పుడుతోందో తెలుస్తుంది. మన ఫొటోలో చేతులు నీళ్ళ కింద ఉంటాయి, చీరలు మాత్రం మడికి రంగు చేకూరుస్తాయి.

మన చిత్రకారుల్లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం దీనికి ఎదురుదారిలో వెళ్ళాడు. ఆయన బొమ్మల్లో తెలంగాణ పల్లె ఆడవాళ్ళు చట్రం నిండా ఉంటారు. నల్లటి ఒళ్ళు, పెద్ద బొట్టు, ముతక చీర ఎరుపు, పసుపు. వెనక పొలం దాదాపు ఉండనే ఉండదు. లొరేన్, కాన్‌స్టబుల్ బొమ్మల్లో నేల మనిషిని మింగితే, ఇక్కడ మనిషి నేలను కప్పేసింది. ఆ ముఖాల్లోని గౌరవం నాకు చాలా ఇష్టం. కానీ వాళ్ళు ఎక్కువగా కూర్చునో నిలబడో మనవైపు తీరిగ్గా ఉంటారు, మడిలో వంగి ఉండరు. ముఖమూ కావాలి, పనీ కావాలి, నేలా కావాలి. మడిలోకి దిగి, నాటు వేసే ఆమెకు ఎదురుగా, ఆమె కళ్ళ ఎత్తున కూర్చుని ఒక తెలుగు చిత్రకారుడో చిత్రకారిణో వేసిన పెద్ద బొమ్మను చూడాలని నాకుంది. అందులో నారు కట్టలు మోసుకొచ్చేవాడు ఉండాలి, గట్టు మీద సెల్‌ఫోనులో కూలి లెక్క చూసే మేస్త్రి ఉండాలి, ఆ మడిని కౌలుకు తీసుకుని ఈ ఏడాది గట్టెక్కుతానా అని ఆకాశం చూసే రైతూ ఉండాలి.